మంచు కింద నుంచి తీసిన మనిషిని వెచ్చబరచడం ఎలా?

నేను బెంగళూరులో ఒక గుండె ఆసుపత్రిలో పెర్ఫ్యూజనిస్టుని. ఆపరేషన్ జరిగినంతసేపు రోగి గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే మెషిన్‌ని నడిపేది మేమే. ఒంట్లోకి వెళ్లే రక్తాన్ని ఆ మెషిన్‌లోనే చల్లబరుస్తాం, పని అయ్యాక మళ్లీ వెచ్చబరుస్తాం. బృహద్ధమని వంపు దగ్గర చేసే కొన్ని పెద్ద ఆపరేషన్లలో ఒంటి వేడిని 18, 20 డిగ్రీల దాకా దించి రక్తప్రసరణ మొత్తం కాసేపు ఆపేస్తారు. అంత చల్లదనంలో మెదడు సుమారు అరగంట ఓర్చుకుంటుంది. మామూలు 37 డిగ్రీల దగ్గర రక్తం ఆగితే అదే మెదడు నాలుగైదు నిమిషాలకే దెబ్బతినడం మొదలవుతుంది. మనిషిని చలి చంపగలదు, కాపాడనూగలదు. నేను రోజూ చూసే సంగతి ఇది.

నాకు కొండలన్నా ఇష్టం. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, బెల్లందూరు వైపు ఉండే మన తెలుగువాళ్లలో శీతాకాలం సెలవులు రాగానే కేదారకంఠకో బ్రహ్మతాల్‌కో బయల్దేరేవాళ్లు చాలామంది. అందరూ షూస్ గురించి అడుగుతారు, జాకెట్ గురించి అడుగుతారు. పక్కన నడిచే మనిషి చల్లబడిపోతే ఏం చేయాలని అడిగినవాళ్లు తక్కువ. 2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండ్‌లోని సహస్త్రతాల్ దారిలో 22 మంది బృందం మంచు తుఫానులో చిక్కుకుంది. అందులో ఎక్కువమంది కర్ణాటక వాళ్లు. తొమ్మిది మంది తిరిగి రాలేదు. అక్కడ మంచు చరియ విరిగిపడలేదు. గాలి, చలి మాత్రమే. ఆ వార్త వచ్చిన వారం నుంచే మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఆదివారాలు కొందరికి ఈ పని నేర్పిస్తున్నాను. అక్కడ చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ఇది చదివితే శిక్షణ అయిపోయినట్టు కాదు. గుండె మీద నొక్కడం, నోటితో ఊపిరి ఇవ్వడం మాత్రం ఏదైనా ప్రథమ చికిత్స క్లాసులో బొమ్మ మీద చేసి నేర్చుకోండి. అది చదివితే వచ్చే విద్య కాదు.

ముందు గాలి, తర్వాతే చలి

మంచు చరియ కింద కూరుకుపోయిన మనిషి గడ్డకట్టి చనిపోతాడని చాలామంది అనుకుంటారు. మొదటి అరగంటలో ప్రాణం తీసేది ముఖ్యంగా ఊపిరాడకపోవడం, ఆ తర్వాత దెబ్బలు. పూర్తిగా కూరుకుపోయినవాళ్లని మొదటి పది నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతారు. అరగంట దాటేసరికి ఆ సంఖ్య సుమారు ముగ్గురికి పడిపోతుంది. రెస్క్యూ టీమ్ వచ్చేదాకా ఆగుదాం అనుకుంటే ఆ పది నిమిషాలు పోయినట్టే. తీయాల్సింది అక్కడే ఉన్న మీరే.

అందుకని చరియ ఆగగానే చేయాల్సిన మొదటి పని, పైనుంచి ఇంకో చరియ వచ్చేలా ఉందేమో ఒక్క క్షణం చూడటం. రక్షించడానికి వెళ్లినవాళ్లు కూడా కూరుకుపోతే తీసేవాళ్లు ఉండరు. రెండోది, ఆ మనిషి చివరిసారి కనిపించిన చోటు గుర్తు పెట్టుకోవడం. ఇంత జరుగుతుండగా ఒకరు టైమ్ చూడాలి. ఎన్ని గంటలకు కూరుకుపోయాడు, ఎన్ని గంటలకు ముఖం బయటపడింది అనే రెండు అంకెలు తర్వాత డాక్టర్ల నిర్ణయాన్నే మార్చేస్తాయి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

మంచు చరియలు పడే వాలుల్లోకి వెళ్లే ప్రతి ఒక్కరి దగ్గరా మూడు వస్తువులు ఉండాలి: 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే బీకన్ (కూరుకుపోయిన మనిషి ఎక్కడున్నాడో సిగ్నల్‌తో పట్టిచ్చే చిన్న పరికరం), మంచులో గుచ్చి చూసే పొడవాటి ప్రోబ్ కడ్డీ, లోహపు పార. ఒక్కటి తగ్గినా మిగతా రెండూ పెద్దగా పనికిరావు. ప్రోబ్ మనిషికి తగిలిన తర్వాత దాన్ని బయటికి లాగకండి, అలాగే ఉంచండి. దాని పక్కనే నిలువుగా బావి తవ్వినట్టు తవ్వకూడదు. మనిషి ఎంత లోతులో ఉన్నాడో దానికి ఒకటిన్నర రెట్లు దూరం వాలుకి కిందివైపు జరిగి, అక్కడి నుంచి అడ్డంగా తవ్వుకుంటూ రండి. తీసిన మంచు కిందికి జారిపోతుంది, మీ బరువు ఆయన ఊపిరికి ఉన్న ఆ కాస్త చోటు మీద పడదు.

ముందు ముఖం, తర్వాత ఛాతీ బయటపడాలి. ఛాతీ చుట్టూ మంచు బిగుసుకుని ఉంటే ముఖం బయటికొచ్చినా ఊపిరి లోపలికి పోదు. ముఖం దగ్గరికి రాగానే ఆత్రంగా మంచు లాగేయకుండా రెండు విషయాలు కళ్లతో చూసి నోటితో పైకి చెప్పండి, పక్కవాళ్లకి కూడా గుర్తుండాలి. నోట్లో, ముక్కులో మంచు కూరుకుని ఉందా? నోటి ముందు, ముక్కు ముందు చిన్నదైనా ఖాళీ ఉందా? ఆ ఖాళీ చూసిన మనిషి మీరొక్కరే అవుతారు. పార ఇంకోసారి పడితే అది చెరిగిపోతుంది.

2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ దగ్గరి మాణా వద్ద రోడ్డు పనివాళ్ల శిబిరం మీద మంచు చరియ పడింది. 54 మందిలో 46 మందిని ప్రాణాలతో తీశారు. వాళ్లలో చాలామంది ఇనుప కంటైనర్లలో ఉన్నారు. కంటైనర్‌లో ఊపిరికి చోటు ఉంటుంది. ఊపిరికి చోటు ఉన్నప్పుడే చలి అసలు ప్రత్యర్థి అవుతుంది.

ఒళ్లు ఎంత త్వరగా చల్లబడుతుంది

మంచు కింద ఒంటి లోపలి వేడి సగటున గంటకు 3 డిగ్రీలు తగ్గుతుందని లెక్క. బట్టలు, ఒంటి కొవ్వు, తడి బట్టి ఇది మారుతుంది. గంటకు సుమారు 9 డిగ్రీలు పడిపోయిన సందర్భమూ నమోదైంది. అంటే ఎంత వేగంగా చల్లబడినా 30 డిగ్రీల కిందికి రావడానికి దాదాపు గంట పడుతుంది.

ఇందాక టైమ్ చూడమన్నది ఇందుకే. గంట లోపే తీసిన మనిషికి గుండె ఆగి ఉంటే, దానికి కారణం చలి అయ్యే అవకాశం చాలా తక్కువ. ఊపిరాడక ఆగింది లేదా దెబ్బ తగిలి ఆగింది. గంట దాటాక తీస్తే, నోరూ ముక్కూ తెరిచే ఉంటే, ఆ గుండె చలి వల్ల ఆగి ఉండొచ్చు. చలి వల్ల ఆగిన గుండె తిరిగి కొట్టుకోగలదు. అదే గంట దాటి, నోటినిండా ముక్కునిండా మంచు గట్టిగా కూరుకుని ఉంటే ఆశ దాదాపు ఉండదు. ఒంటి వేడి ఒక్కో డిగ్రీ తగ్గేకొద్దీ శరీరానికి కావాల్సిన ఆక్సిజన్ సుమారు 6 శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. 28 డిగ్రీల దగ్గర సగంతో సరిపెట్టుకుంటుంది. మనిషి ముందు చల్లబడి తర్వాత గుండె ఆగితే మెదడు దాచుకున్నదానితో బతుకుతుంది. ముందు ఊపిరి ఆగి తర్వాత చల్లబడితే ఆ చల్లదనం వల్ల ఉపయోగం లేదు.

ఇంకో మాట. మంచు చల్లగా ఉన్నా గాలిని ఆపుతుంది. బయటికి తీసి ఈదురుగాలిలో పడుకోబెడితే, కింద ఉన్నప్పటికంటే వేగంగా చల్లబడొచ్చు. దొరికాడన్న సంతోషంలో అందరూ చుట్టూ నిలబడి ఫోన్లు చేస్తుంటారు. ఆ నిమిషాల్లోనే వేడి జారిపోతుంది.

థర్మామీటర్ లేకుండా అంచనా వేయడం

మెడికల్ షాపులో కొన్న డిజిటల్ థర్మామీటర్ 32 డిగ్రీల కింద అంకె చూపించదు, ‘లో’ అని మాత్రం చూపిస్తుంది. నుదుటి మీద పెట్టేది, చెవిలో పెట్టేది ఆ చలిలో నమ్మలేం. కాబట్టి మనిషిని చూడండి, మాట్లాడించండి.

మెలకువగా ఉన్నాడు, గట్టిగా వణుకుతున్నాడు, తన పేరు, ఎక్కడున్నాడో సరిగ్గా చెబుతున్నాడు అంటే తేలికపాటి హైపోథెర్మియా, అంటే ఒంటి లోపలి వేడి ఉండాల్సిన దానికంటే పడిపోవడం. ఒంటి వేడి 35 నుంచి 32 మధ్య ఉంటుంది. మనకి అలవాటైన జ్వరం లెక్కలో 95 నుంచి 90 ఫారెన్‌హీట్. పిలిస్తే పలుకుతున్నాడు కానీ మాట ముద్దగా వస్తోంది, ఒకే మాట మళ్లీ మళ్లీ అంటున్నాడు, వేళ్లు కొంకర్లు పోయి జిప్ కూడా పెట్టుకోలేకపోతున్నాడు, వణుకు తగ్గుతోంది అంటే 32 కిందికి దిగుతున్నాడు. గిచ్చితే తప్ప కదలడం లేదు, లేదా అసలు కదలడం లేదు కానీ ఊపిరి ఉంది అంటే 28 కింద ఉన్నాడనే అనుకోండి. ఆ తర్వాతిది, ఊపిరీ నాడీ రెండూ తెలియని స్థితి. అంకెలు మనిషిని బట్టి అటూ ఇటూ అవుతాయి. మెలకువ ఎంత ఉందన్నదే నమ్మదగిన కొలత.

వణుకు ఆగిపోతే చాలామంది తేరుకున్నాడని ఊపిరి పీల్చుకుంటారు. దయచేసి ఇది గుర్తు పెట్టుకోండి: వెచ్చబరచకుండానే వణుకు ఆగిందంటే ఒళ్లు చేతులెత్తేస్తోందని అర్థం. కొందరు ఆ దశలో ఉక్కపోస్తోందని జాకెట్ విప్పేసుకుంటారు కూడా. అది పిచ్చి కాదు, మొండితనం కాదు, చలి ముదిరిన లక్షణం. తిట్టకుండా మళ్లీ కప్పండి.

రుద్దకండి, కూర్చోబెట్టకండి, నడిపించకండి

టెర్రస్ క్లాసులో ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు, “అన్నా, అరికాళ్లు అరచేతులు రుద్దితే వేడి పుడుతుంది కదా? మా అమ్మమ్మ అలాగే చేసేది” అని. జ్వరంతో చలి పుట్టినప్పుడు అమ్మమ్మ రుద్దడం వేరు. ఇక్కడ పరిస్థితి వేరు.

ఆపరేషన్ థియేటర్‌లో నేను చూసేది చెబుతాను. మనిషిని చల్లబరుస్తూ 28 డిగ్రీల దరిదాపులకి వచ్చేసరికి గుండె చాలాసార్లు తనంతట తానే లయ తప్పుతుంది. కొట్టుకోవడం మానేసి పురుగుల బుట్టలా మెదులుతుంది. అప్పటికి ఆ లయ తప్పకపోయినా సర్జన్ చెయ్యి తగిలితే చాలు, తప్పుతుంది. అక్కడ మెషిన్ ఉంది కాబట్టి ఎవరికీ టెన్షన్ ఉండదు. కొండ మీద మీ స్నేహితుడి గుండె కూడా అదే చల్లదనంలో ఉంది, మెషిన్ లేదు. కాళ్లు గుంజినా, దబ్బున దొర్లించినా, భుజాలు పట్టి లేపినా ఆ గుండె ఆగిపోవచ్చు.

దీనికి తోడు, చేతులు కాళ్లలో ఉన్న రక్తం లోపలి రక్తం కంటే చాలా చల్లగా ఉంటుంది. రుద్దినా, నడిపించినా, కాళ్లకి వేడి పెట్టినా ఆ చల్లటి రక్తం గుండె వైపు తిరిగి వస్తుంది. బయటికి తీశాక కూడా లోపలి వేడి ఇంకాస్త పడిపోయేది ఇందుకు కొంత, వేడి లోపలి నుంచి చల్లటి కండలోకి పాకుతూనే ఉండటం వల్ల కొంత.

కాబట్టి మనిషిని నూనె నిండిన గిన్నెని మోసినట్టు కదిలించాలి. పడుకోబెట్టే ఉంచండి. గుంతలో నిలువుగా ఉంటే అలాగే పైకి లాగకుండా గుంతని వెడల్పు చేసి వీలైనంత అడ్డంగా జరపండి. తల, మెడ, నడుము ఒకే దుంగలా కదలాలి, చరియలో వెన్నెముకకి దెబ్బ తగిలి ఉండే అవకాశం కూడా ఉంది. అయితే ఊపిరి లేని మనిషి దగ్గర ఈ జాగ్రత్త పేరుతో ఆలస్యం చేయకండి. గాలి ఎప్పుడూ ముందే.

తెల్లగా మొద్దుబారిన వేళ్లని కూడా రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. వాటిని కప్పి వదిలేయండి. బ్రాందీ, రమ్ము చుక్క కూడా వద్దు. వెచ్చగా అనిపించేది చర్మం కింది రక్తనాళాలు తెరుచుకోవడం వల్ల. ఆ దారినే లోపలి వేడి బయటికి పోతుంది, వణుకు కూడా తగ్గుతుంది.

చుట్టడం

అసలు పని ఇదే. నా క్లాసులో సగం టైమ్ దీనికే పోతుంది.

కావాల్సినవన్నీ బెంగళూరులోనే దొరుకుతాయి. మనిషి కంటే రెండడుగులు పొడవుండే టార్పాలిన్ పట్ట ఒకటి, చిక్కపేటలో అయినా మీ వీధి హార్డ్‌వేర్ షాపులో అయినా దొరుకుతుంది. ఫోమ్ మ్యాట్లు రెండు. మంచి స్లీపింగ్ బ్యాగ్. నీరు, గాలి దూరని షీటు ఒకటి: పెద్ద చెత్త సంచులు రెండు కోసి టేపుతో అతికించినా చాలు, పార్సిళ్లకి వాడే బబుల్ ర్యాప్ ఇంకా మేలు. ఉన్ని టోపీ. వేడి నీళ్లు పట్టే గట్టి సీసాలు రెండు మూడు, లేదా రబ్బరు హాట్ వాటర్ బ్యాగ్. మెరిసే వెండి షీటు ఒక్కటే చాలనుకోకండి. అది గాలినీ తడినీ ఆపుతుంది కానీ కింద మంచు లాగేసే వేడిని ఆపలేదు, గాలికి చిరుగుతుంది కూడా.

ముందు టార్పాలిన్ పరవండి. దాని మీద రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి. పైన ఎంత కప్పినా కింద పలచగా ఉంటే లాభం లేదు. మనిషి బరువుకి స్లీపింగ్ బ్యాగ్ కింది భాగం అణిగిపోతుంది, అణిగిన దూదికి వేడి ఆపే శక్తి ఉండదు. మ్యాట్లు తక్కువైతే ఖాళీ చేసిన బ్యాక్‌ప్యాక్‌లు, తాళ్లు, ఏవైనా సరే పేర్చండి. మ్యాట్ల మీద జిప్ పూర్తిగా తెరిచిన స్లీపింగ్ బ్యాగ్, దాని మీద నీరు దూరని షీటు. ఇప్పుడు ముగ్గురు నలుగురు కలిసి మనిషిని మెల్లగా ఎత్తి అందులో ఉంచండి.

తడి బట్టల సంగతి. టెంటో గదో దగ్గర్లో ఉంటే, లోపలికి చేరాక, కత్తెరతో కోసి తీసేయండి. చేతులు పైకెత్తి టీషర్ట్ లాగినట్టు లాగకూడదు. గాలిలో బయటే ఉంటే బట్టలు విప్పొద్దు. తడితో సహా ఆ షీటులో చుట్టేయండి. తడి ఆవిరైపోతూ వేడిని తీసుకుపోకుండా షీటు ఆపుతుంది, పైన ఉన్న స్లీపింగ్ బ్యాగ్ తడవకుండానూ ఉంటుంది.

తర్వాత వేడి. సీసాల్లో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, ఒక్కోదానికి సాక్స్ తొడగండి. పెట్టాల్సిన చోట్లు ఛాతీ, చంకలు, వీలైతే వీపు పైభాగం. చేతులకీ కాళ్లకీ వద్దు. చర్మానికి నేరుగా తగలకూడదు. చల్లబడిన చర్మంలో రక్తం సరిగా తిరగదు, మనం మామూలుగా ఓర్చుకునే వేడికే కాలి బొబ్బలెక్కుతుంది, స్పృహ లేని మనిషి మంట అని చెప్పలేడు. అరగంటకొకసారి చెయ్యి పెట్టి ఆ చోటు చర్మం చూడండి. సీసా చల్లారితే తీసేయండి, లేకపోతే అదే వేడి లాగడం మొదలుపెడుతుంది.

ఆఖరికి షీటు మూయండి, స్లీపింగ్ బ్యాగ్ మూయండి, ఇంకేమైనా దుప్పట్లు ఉంటే కప్పండి, టార్పాలిన్‌ని రెండు వైపుల నుంచీ మడిచి తాడుతో కట్టండి. పాదాల దగ్గర మడత కిందికి పోవాలి. తలకి టోపీ, మెడ చుట్టూ శాలువా. ముఖం మాత్రం తెరిచే ఉండాలి, ఊపిరి ఎలా ఉందో నిరంతరం చూడటానికి. ఒకరు ఆయన తల దగ్గరే కూర్చోవాలి. మెలకువ ఉన్నా లేకపోయినా మాట్లాడుతూ ఉండండి.

మెలకువగా వణుకుతున్నవాడి పక్కన ఇంకొకరు అదే స్లీపింగ్ బ్యాగ్‌లో దూరడం తప్పు కాదు, హాయిగా ఉంటుంది. కానీ దానివల్ల ఒంటి వేడి త్వరగా పెరిగిపోతుందనుకోవద్దు. వణుకే ఆయన దగ్గరున్న గొప్ప పొయ్యి. గట్టిగా వణికితే ఒళ్లు మామూలుగా పుట్టించే వేడికి నాలుగైదు రెట్లు పుట్టించగలదు. ఆ పొయ్యికి కట్టెలు కావాలి, అంటే చక్కెర.

తాగించడం ఎప్పుడు

గ్లాసు తన చేత్తో పట్టుకోగలగాలి, పొరమారకుండా మింగగలగాలి. ఈ రెండూ ఉంటేనే ఇవ్వండి. తీపి ఎక్కువ వేసిన టీ, గ్లూకోజు నీళ్లు, గోరువెచ్చని బెల్లం పానకం ఏదైనా సరే. నేను బెల్లం ముక్కలు, ఖర్జూరాలు, వేరుశనగ చిక్కీ పై జేబులో పెట్టుకుని వెళ్తాను. వేడి కంటే తీపి ముఖ్యం, ఒక గ్లాసు టీ ఇచ్చే వేడి చాలా తక్కువ. మెలకువ సరిగా లేని మనిషి నోట్లో చెంచాతో కూడా ఏమీ పోయకండి.

తేలికపాటి దశలో ఉన్నవాడిని కూడా వెంటనే నడిపించొద్దు. చుట్టి, తినిపించి, తాగించి కనీసం అరగంట ఉంచండి. తర్వాత నిలబెట్టి చూడండి. బాగుంటే మెల్లగా నడవొచ్చు.

ఊపిరి, నాడి తెలియకపోతే

చల్లబడిన మనిషి నిమిషానికి ఐదారుసార్లే ఊపిరి తీయొచ్చు. నాడి కూడా చాలా నెమ్మదిగా, బలహీనంగా ఉంటుంది. మెడ పక్కన రెండు వేళ్లు పెట్టి, ఛాతీని చూస్తూ, పూర్తిగా ఒక నిమిషం ఓపిక పట్టండి. వాచీ చూసి లెక్కపెట్టండి, ఆ టెన్షన్‌లో పది సెకన్లే నిమిషంలా అనిపిస్తాయి.

ఊపిరి, కదలిక ఏదీ లేకపోతే నోట్లో మంచు తీసేసి ముందు ఐదు ఊపిర్లు ఇవ్వండి. మంచు కింద నుంచి వచ్చినవాడికి మొదట తక్కువైంది గాలే. తర్వాత 30 నొక్కులు, 2 ఊపిర్లు చొప్పున సాగించండి. మనుషులు మారుతూ చేయండి. ఛాతీ రాయిలా గడ్డకట్టి నొక్కినా కదలకపోతే, లేదా మీ ప్రాణాలకే ముప్పు ఉంటే తప్ప మొదలుపెట్టకుండా ఉండొద్దు. ఆపాలన్న నిర్ణయం డాక్టరుకో రెస్క్యూ టీమ్‌కో వదిలేయండి. కళ్లు తెరుచుకుని ఉండటం, చర్మం పాలిపోవడం, కీళ్లు బిగుసుకోవడం చూసి చనిపోయాడని చెప్పేయకండి. బాగా చల్లబడి బతికున్న మనిషి కూడా అలాగే ఉంటాడు.

మోస్తూ దిగేటప్పుడు నొక్కడం ఆపకుండా సాగించలేరు. బాగా చల్లబడిన మనిషి విషయంలో మాత్రం దీనికొక మార్గం ఉంది. 28 డిగ్రీల కింద ఉన్నాడని గట్టిగా నమ్మే పరిస్థితి ఉంటే 5 నిమిషాలు నొక్కి, 5 నిమిషాలకి మించకుండా మోసి, మళ్లీ 5 నిమిషాలు నొక్కుతూ దిగొచ్చు. వెచ్చగా ఉన్న మనిషికి ఇలా చేయకూడదు. ఆ చల్లదనమే ఆ విరామాన్ని ఇస్తోంది.

1999 మేలో నార్వేలో అన్నా బోగెన్‌హోమ్ అనే యువ డాక్టర్ స్కీయింగ్ చేస్తూ గడ్డకట్టిన వాగులో పడి మంచు పలక కింద 80 నిమిషాలు ఉండిపోయింది. గాలి బుడగ దొరికి చాలాసేపు ఊపిరి పీల్చగలిగింది. ట్రోమ్సో ఆసుపత్రికి చేరేసరికి ఒంటి వేడి 13.7 డిగ్రీలు, గుండె ఆగిపోయి ఉంది. దారి పొడుగునా ఎవరూ నొక్కడం ఆపలేదు. అక్కడ నాలాంటి వాళ్లు నడిపే మెషిన్ మీదే ఆమెను వెచ్చబరిచారు. ఆమె బతికి, మళ్లీ డాక్టరుగా పనిలో చేరింది.

మన దగ్గర 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో సుమారు 19,600 అడుగుల ఎత్తున మద్రాస్ రెజిమెంట్ జవాన్లు పదిమంది మీద మంచు కూలింది. ఆరో రోజున ధార్వాడ జిల్లా లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ ప్రాణాలతో దొరికారు. మూడు రోజుల తర్వాత ఢిల్లీ ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆ పదిమందిలో అప్పటి మన కర్నూలు జిల్లా సిపాయి ముష్తాక్ అహ్మద్ కూడా ఉన్నారు. హనుమంతప్ప దక్కలేదు. అయినా ఆరు రోజుల తర్వాత కూడా ఆశ వదలకుండా తవ్వినవాళ్ల వల్లే ఆయన ఊపిరితో బయటికొచ్చారు.

ఎక్కడికి తీసుకెళ్లాలి, ఏం చెప్పాలి

సిగ్నల్ ఉంటే 112కి ఫోన్ చేయండి. స్పృహ లేని మనిషికి, గుండె ఆగిన మనిషికి దగ్గర్లోని చిన్న ఆసుపత్రి ఒక మజిలీ మాత్రమే. చేరాల్సింది ఎక్మో ఉన్న పెద్దాసుపత్రికి. ఎక్మో అంటే నేను నడిపేలాంటి మెషినే, రక్తాన్ని ఒంటి బయటికి తెచ్చి, ఆక్సిజన్ ఎక్కించి, వెచ్చబరిచి తిరిగి పంపుతుంది. ట్రెక్ బుక్ చేసే రోజే నిర్వాహకులని అడగండి: మీరు వెళ్లే చోటికి దగ్గర్లో ఎక్మో ఎక్కడుంది, అక్కడికి చేరడానికి దారేది? జవాబు రాకపోతే మీరే కనుక్కుని కాగితం మీద రాసుకోండి.

డాక్టరుకి అప్పగించేటప్పుడు నాలుగు మాటలు చాలు. ఎంతసేపు మంచు కింద ఉన్నాడు, నోరూ ముక్కూ తెరిచి ఉన్నాయా, ముఖం ముందు ఖాళీ ఉందా, మీరు తీసినప్పుడు ఊపిరి ఉందా. కాగితం మీద రాసి చుట్టిన మూటకే గుచ్చండి, ఫోన్‌లో రాస్తే బ్యాటరీ చలికి పోతుంది.

ఆసుపత్రిలో అన్నవాహికలోకి సన్నని తీగ పంపి గుండె దగ్గరి వేడి కొలుస్తారు. రక్తంలో పొటాషియం చూస్తారు. అది 7, 8 దాటి ఉంటే ఊపిరాడక కణాలు ముందే చనిపోయాయని అర్థం, అప్పుడు వెచ్చబరిచినా ఫలితం ఉండదు. తక్కువగా ఉంటే ఎక్మోకి వెళ్తారు. గుండె కొట్టుకుంటున్నవాడికి సాధారణంగా వేడిగాలి దుప్పటి, వేడి చేసిన సెలైన్ సరిపోతాయి. 30 డిగ్రీల కింద గుండెకిచ్చే షాకులు కూడా మూడింటికి మించి ఇవ్వరు, అడ్రినలిన్ ఆపుతారు. చల్లటి గుండె మందుకి సరిగా స్పందించదు.

మెషిన్ దగ్గర నిలబడ్డ మాకు మొదట నేర్పేది నిదానం. లోపలికి పంపే రక్తానికీ, బయటికి వచ్చే రక్తానికీ మధ్య తేడా 10 డిగ్రీలు దాటనివ్వం, దాటితే రక్తంలో కరిగిన గాలి బుడగలుగా విడిపోతుంది. లోపలికి వెళ్లే రక్తం 37 దాటకూడదు, మెదడు మాడిపోతుంది. బంధువులు తలుపు బయట నిలబడి “ఇంకా ఎంతసేపండీ” అని అడుగుతుంటారు. గంటకి కొన్ని డిగ్రీలే పెంచుతామని చెబితే వాళ్లకి మింగుడుపడదు. ఆ నిదానం అవసరమే.

బయల్దేరే ముందు

డిసెంబర్‌లో ఒక ఆదివారం తెల్లవారుజామున టెర్రస్ మీదికి వెళ్లండి. బెంగళూరు చలి మంచు కొండల చలి ముందు ఏమీ కాదు కానీ వేళ్లు మొద్దుబారడానికి చాలు. ఒకరిని పడుకోబెట్టి, బకెట్ చల్లనీళ్లలో మీ చేతులు రెండు నిమిషాలు ముంచి, గ్లౌజులు వేసుకుని, పై పద్ధతిలో చుట్టండి. మా వాళ్లకి మొదటిసారి 25 నిమిషాలు పట్టింది. నాలుగో వారానికి 8 నిమిషాలకి వచ్చారు. పడుకునే వంతు అందరికీ రావాలి. కింద మ్యాట్ జరిగితే వీపుకి ఎంత చల్లగా తగులుతుందో చుట్టించుకున్నవాడికే తెలుస్తుంది.

మంచు చరియలు పడే సూచన ఉందో లేదో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ కింద చండీగఢ్‌లో ఉన్న డీజీఆర్‌ఈ అనే కేంద్రం హెచ్చరికలు ఇస్తుంది. బయల్దేరే ముందు రోజు, కొండ ఎక్కే రోజు పొద్దున చూడండి, హెచ్చరిక ఉంటే ఆగిపోండి.

సామాను సర్దేటప్పుడు వరస తిరగేసి పెట్టుకోండి. ముందు కావాల్సిన టార్పాలిన్ సంచిలో అన్నిటికంటే పైన, దాని కింద మ్యాట్లు, తర్వాత స్లీపింగ్ బ్యాగ్, షీటు. కత్తెర, టోపీ, బెల్లం పక్క జేబులో. చీకట్లో, గాలిలో, గ్లౌజులతో తడిమినా చేతికి అందాలి.